లేని సినిమాకు టైటిల్ కార్డులు

వరంగల్, హనుమకొండ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ‘కల్లం కాడ’ అనే సినిమాను ఎవరూ తీయలేదు. తీసే ఉద్దేశం ఎవరికీ ఎన్నడూ లేదు. దానికి హీరో లేడు, హీరోయిన్ లేదు, ఒక్క రోజు కూడా షూటింగు జరగలేదు. అయినప్పటికీ ఆ సినిమా విజయోత్సవం మొన్నీమధ్య హనుమకొండలో ఘనంగా జరిగింది. సినిమా బాగుందని వచ్చినవాళ్లందరూ ముక్తకంఠంతో చెప్పారు. బాగాలేదన్నవాడు ఒక్కడూ లేకపోవడం మన ఊళ్లో ఇదే మొదటిసారి.

ఈ ఘనత జ్ఞానజ్వాల మీడియా కళాశాలకు దక్కుతుంది. ఇంజనీరింగ్ కాలేజీగా పుట్టి, పిల్లలు రాక బీఎడ్ కాలేజీగా మారి, అదీ సాగక ప్రస్తుతం మీడియా కాలేజీగా వర్ధిల్లుతున్న సంస్థ అది. భవనం మొదటిదే, బోర్డు మాత్రం మూడోది. వర్క్‌షాపులో ఉండిన లేతు మిషను ఇప్పటికీ కదల్లేదు. దాని చుట్టూ గోడలు కట్టి ఎడిటింగ్ గది అన్నారు. కీబోర్డు దాని మీదే పెట్టుకుంటారు.

ఆఖరి సంవత్సరం పిల్లలకు అక్కడ ఒక ప్రాజెక్టు ఉంటుంది. ఎవరికి వారు ఒక సినిమాను ఊహించుకోవాలి. సినిమా తీయనక్కర్లేదు. మొదట్లో తెర మీద పేర్లు పడతాయి చూడండి, ఆ రెండు నిమిషాల టైటిల్స్ మాత్రం ఆలోచించి, కాగితం మీద బొమ్మలు గీసుకుని, తీసి చూపించాలి. రాబోయే సినిమా ఎలాంటిదో ఆ రెండు నిమిషాల్లోనే చూసేవాడికి తెలిసిపోవాలి. విభాగాధిపతి వినయ్ సార్ ఈ సంగతిని క్లాసులో తేలికగా వివరించారు.

“కథతోని పని లేదు, యాక్టింగుతోని పని లేదు. పేర్లు పడాలె, గంతే. మన దగ్గర సినిమా అంటే గదే గదా.”

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వించడానికి అనలేదని తర్వాత తెలిసింది.

తక్కిన పిల్లలు తమకు అలవాటైన పద్ధతిలో పని కానిచ్చారు. ఒకడు మంటలు పెట్టాడు, మంటల్లోంచి పులిని రప్పించాడు, పులి నోట్లోంచి తన పేరు రప్పించాడు. ఇంకొకడు సిగరెట్టు గాని మందు గాని లేని తన సినిమాకు పొగాకు హెచ్చరిక ఒక్కటే నిమిషమున్నర వేసి, మిగిలిన అర నిమిషంలో ఆ సినిమాను వాళ్ల తాతకు అంకితమిచ్చాడు. వీళ్లందరికీ మంచి మార్కులు వచ్చాయి కాబట్టి వీళ్లతో మనకు పని లేదు.

రఘునాథపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే తిరుమల అనే అమ్మాయి మాత్రం ప్రాజెక్టు కాగితంలో రాసినదంతా నిజమేనని నమ్మింది. అందువల్ల రెండు నిమిషాల గురించి రెండు నెలలు ఆలోచించింది. వాళ్లు మిర్చి పండించే రైతులు. పండిన కాయను కల్లంలో ఎండబోసి, ధర ఎప్పుడు పెరుగుతుందా అని పక్కనే కాపలా పడుకునే ఒక కుటుంబం కథ ఆమె ఊహించుకుంది. దాని పేరే ‘కల్లం కాడ’. టైటిల్స్ మొదలైనప్పుడు తెర మీద ఉత్త నేల ఉంటుంది. ఒక మిరపకాయ దొర్లుకుంటూ వస్తుంది, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరికొన్ని. అన్నీ కూడి ఒక పేరవుతాయి. అంతలో గాలి వీస్తుంది, పేరు చెదిరిపోతుంది, అవే కాయలు ఇంకో పేరవుతాయి. చివరికి కల్లమంతా ఎర్రగా నిండిపోయి, మధ్యలో ఒక మనిషి పడుకునేంత జాగా మాత్రం ఖాళీగా మిగులుతుంది.

ఇది ఆమె సరదాకు చేసిన పని కాదు. ఉత్తరాదిలో ఒక పెద్ద డిజైన్ సంస్థ ఉంది. సినిమాలకు టైటిల్స్ చేసే విద్య అక్కడ నేర్పుతారు, ఎంపికైన కొద్దిమందికి ఫీజు కూడా అడగరు. తిరుమల రాతపరీక్ష గట్టెక్కింది. మిగిలింది ఇంటర్వ్యూ. అందులో సొంతంగా చేసిన టైటిల్స్ చూపించాలి. సీటు వస్తే నచ్చిన పని బతుకంతా చేసుకోవచ్చు. రాకపోతే ఏం చేయాలో ఆమెకూ తెలియదు, ఇంట్లోవాళ్లకూ తెలియదు.

వాళ్ల కల్లంలో రెండు మంచాలు నిలబెట్టి, వాటి మీద అడ్డంగా వెదురు కట్టె వేసి, కట్టెకు ఫోను కట్టింది. వాళ్లమ్మ సమ్మమ్మ కింద కూర్చుని కాయను వేలెడంత జరిపి చెయ్యి తీసేది. తిరుమల ఒక ఫోటో తీసేది. మళ్లీ జరపడం, మళ్లీ ఫోటో. ఆ ఫోటోలన్నీ వరసగా తిప్పితే కాయలు వాటంతట అవే నడిచొచ్చి అక్షరాలైనట్టు కనిపిస్తాయి. అవి చపాటా రకం కాయలు, పొట్టిగా లావుగా ఉంటాయి, గుండ్రటి తెలుగు అక్షరానికి సరిగ్గా కుదిరాయి. నీడ మారకూడదు కాబట్టి పొద్దున కొద్దిసేపే పని నడిచేది. గాలి వస్తే మొదటికొచ్చేది. కోడి వస్తే సరేసరి.

“ఏరుడంటే ఏరినట్టుంటది, ఎండవోసుడంటే ఎండవోసినట్టుంటది. గీ జరుపుడేందే?” అని సమ్మమ్మ అడిగింది.

“పేర్లు రాస్తానమే అమ్మా.”

“ఎవలయి?”

“ఎవలయి గావు. సినిమానే లేదు గదా. ఊకెనే పెట్టిన పేర్లు.”

“లేనోళ్ల కోసమా నా చేతులు గిట్ల మండుడు?” అని సమ్మమ్మ నవ్వి, ఇంకో కాయ జరిపింది.

చపాటాకు రంగెక్కువ, ఘాటు తక్కువ. అయినా రోజంతా పట్టుకుంటే వేళ్లు మండకుండా ఉండవు. పని పూర్తయ్యాక తిరుమల రెండే రెండు నిజమైన పేర్లు చేర్చింది. ‘మిరపకాయలు జరిపిన చేతులు: సమ్మమ్మ’ అన్నది ఒకటి. ‘టైటిల్స్: తిరుమల’ అన్నది రెండోది. తన పేరు కాయల్లో చూసుకుని సమ్మమ్మ కాసేపు అక్కడి నుంచి లేవలేదు. లేచాక ఒక్క కాయ కూడా తొక్కకుండా చుట్టూ తిరిగి ఇంట్లోకి వెళ్లింది.

రెండు నిమిషాలూ చూసి వినయ్ సార్ కళ్లు చెమర్చాయి. ఈ సంగతి ఆయనే అందరికీ చెప్పారు. కళ్లు తుడుచుకున్న వెంటనే ఆయనకు భయం పట్టుకుంది. ఇందులో కాలేజీ పేరు లేదు, కరస్పాండెంటు రాజేశ్వర్ రావు గారి పేరు అసలే లేదు. ప్రాజెక్టుల తాలూకు ఫోటోలూ ఫైళ్లూ అన్నీ కళాశాల ఆస్తి అని నిబంధన ఉంది కాబట్టి, ఆయన పూర్తయిన రెండు నిమిషాలు మాత్రం తిరుమల ఫోనులో వదిలి, మిగతావన్నీ కాలేజీ కంప్యూటర్లోకి మార్చి, సార్ గారి గదికి పరిగెత్తారు.

రాజేశ్వర్ రావు గారు టైటిల్స్ చూశారు. తన పేరు ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుందని రెండు నిమిషాలు ఓపిక పట్టారు.

“ఇండ్ల సమర్పణ ఎవలది?”

“సమర్పణ లేదు సార్. ఇది ఊహించుకున్న సినిమా. సినిమానే లేదు” అన్నారు వినయ్ సార్.

“లేకపోతే ఏమాయె? లేని సినిమాను నేను సమర్పిస్తే ఎవలకన్న నష్టమా?”

సంస్థకు రాజేశ్వర్ రావు గారు చేసిన సేవలన్నీ దాదాపు ఈ పద్ధతిలోనే ఉంటాయని తెలిసినవాళ్లు చెబుతారు.

సార్ గారి పేరు కూడా మిరపకాయలతోనే రాయాలని, అదీ కాలేజీ ఆవరణలో, సిబ్బంది సమక్షంలో రాయాలని తీర్మానమైంది. హనుమకొండలో కిరాణా, మిర్చి వ్యాపారం చేసే కట్టయ్య సేటు ఒక బస్తా కాయలు పంపించాడు. పెద్దమనిషి పేరుకు చవక కాయ పంపితే మర్యాదగా ఉండదని, తన దుకాణంలో అన్నిటికన్నా ఘాటైన రకం ఏరి మరీ పంపించాడు. సమ్మమ్మను రఘునాథపల్లి నుంచి పిలిపించారు. ఆమె ఎండలో కూర్చుని ‘రాజేశ్వర్ రావు’ అని పేర్చింది. తిరుమల ఫోటోలు తీసింది. పని బాగా వచ్చింది.

అప్పుడు సార్ గారి భార్య శారద మేడం కారు దిగారు. భర్త పేరు ఎండుమిరపకాయల్లో చూసి ఆవిడ కేక పెట్టారు.

“ఏం జేస్తాండ్రు మీరు? మిరపకాయలు మనిషి చుట్టు తిప్పి దిష్టి తీస్తరు. మీరు మనిషి పేరే మిరపకాయలతోని రాసిండ్రా? ఊరోళ్ల దిష్టంత అండ్ల కూసున్నది.”

ఆలోచిస్తే ఆవిడ చెప్పింది నిజమేనని ఆవరణలో అందరికీ తోచింది. వెంటనే ఆవిడ ఆ కాయలన్నీ పళ్లెంలోకి ఎత్తించి, సార్ గారిని తూర్పుముఖంగా నిలబెట్టి, చుట్టూ తిప్పి, నిప్పుల మీద పోయించారు.

ఇక్కడ ఒక శాస్త్రం ఉంది. పాఠకులకు తెలియనిది కాదు. దిష్టి తీసిన మిరపకాయ నిప్పుల్లో వేసినప్పుడు ఘాటు వస్తే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు. దిష్టి గట్టిగా తగిలిందంటే ఊరంతా ఈర్ష్య పడేంత గొప్పవాడైనట్టు. కాబట్టి ఎవరు దగ్గితే వాళ్లు రాజేశ్వర్ రావు గారిని చూసి ఈర్ష్య పడదగ్గదేమీ లేదని బహిరంగంగా ప్రకటించినట్టు అవుతుంది.

సిబ్బంది ఈ లెక్క క్షణంలో వేసుకున్నారు. పళ్లెంలోని కాయంతా ఒక్కసారి అంటుకుని ఆవరణ నిండా పొగ లేచింది. ఎవరూ దగ్గలేదు. వినయ్ సార్ ముక్కు వెంట, కళ్ల వెంట నీళ్లు కారుతుండగా, “ఏం వాసన లేదు మేడం. జర సుత లేదు” అన్నారు. అకౌంటెంటు నోరు తెరిస్తే ప్రమాదమని తల మాత్రం ఊపాడు. చరిత్ర అధ్యాపకుడు గోడ పట్టుకుని జారి కూర్చున్నాడు. ఆయనకు భక్తి ఎక్కువైందని అనుకున్నారు. రాజేశ్వర్ రావు గారు స్వయంగా రుమాలు నోట్లో కుక్కుకుని, చాలాసేపటికి దాన్ని తీసి, “చూసిండ్రా, ఎంత దిష్టి ఉన్నదో” అన్నారు.

సమ్మమ్మ ఒక్కతే గట్టిగా దగ్గింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మళ్లీ దగ్గింది.

“అయ్యా, ఘాటొస్తాంది. గింత పొగల ఎట్ల నిలవడ్డరు? జర దూరం జరుగుండ్రి, పానం పోతది” అంది.

సార్ గారి మొహం మాడిపోయింది. పల్లెటూరి మనిషి, ఆమెకు ఏ దురుద్దేశమూ లేదు. పదిమంది ప్రాణం మీదికి వస్తుంటే ఉన్నమాట అంది. మన దగ్గర దురుద్దేశం ఉన్నవాడిని క్షమిస్తారు గాని ఉన్నమాట అన్నవాడిని క్షమించరు.

మర్నాడు ఒక సంఘం ఏర్పడింది. దాని పేరు ‘టైటిల్స్ వరుసక్రమ నిర్ణయ సంఘం’. మొదటి సమావేశంలోనే మిరపకాయల విషయం తేలింది. సినిమా పేరు మాత్రం మిరపకాయల్లో ఉండవచ్చు, దానికి దిష్టి తగిలినా అడిగేవాడు లేడు. మనుషుల పేర్లు మాత్రం బంగారు రంగులో, మెరుస్తూ, పక్కన గుండ్రటి ఫోటోతో రావాలి. అంటే మన చౌరస్తాలో కట్టే ఫ్లెక్సీలు కదిలితే ఎలా ఉంటుందో అలా ఉండాలన్నమాట. సమ్మమ్మ కార్డు దగ్గర రాజేశ్వర్ రావు గారు ఆగారు.

“చేతులకు సుత టైటిల్ కార్డేంది? రేపు కాళ్లడుగుతయ్” అన్నారు. సంఘం నవ్వింది. కార్డు తీసేశారు.

ఊళ్లో సినిమా తయారవుతోందని పొక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. బస్తా పంపినందుకు కట్టయ్య సేటుకు ‘సంబారాల సహకారం’ అని కార్డు వచ్చింది. అది చూసి, బస్తా మోసుకొచ్చిన ఆటో యజమానికి వచ్చింది. బస్తా పంపడానికి మాత్రం సిద్ధపడి ఊరుకున్న ఇంకో వ్యాపారికీ వచ్చింది. యాభై దాటిన ఒక యువనేత తన అనుచరులతో వచ్చి, ఇంత పెద్ద సినిమా తన వార్డులో తన ఆశీస్సులు లేకుండా ఎలా తీస్తారని అడిగాడు. తీయడం లేదని చెప్పారు. తీయకపోవడానికైనా తన ఆశీస్సులు కావాలి కదా అన్నాడు. ఆయనకు మూడు బిరుదులతో సహా ఒక కార్డు, ఆయన అనుచరులకు ఫోటోలతో ఇంకొకటి.

ఒక సంఘం వాళ్లు ధర్నాకు దిగారు. సినిమాలో హీరోయిన్ మిర్చి రైతులను కించపరిచిందన్నది వాళ్ల ఆరోపణ. హీరోయిన్ లేనే లేదని వినయ్ సార్ నచ్చజెప్పబోయారు. లేకపోతే ఎక్కడుందో చెప్పాలని, వచ్చి క్షమాపణ చెప్పాలని పట్టుబట్టారు. చర్చలు రాత్రి వరకు సాగి, ‘రైతు మనోభావాల పరిరక్షణ’ అనే కార్డు మీద ఒప్పందం కుదిరింది. ధర్నా చేసినవాళ్లలో మిరపచేను చూసినవాళ్లు ఎవరూ లేరు. చేను ఉన్న సమ్మమ్మను ఎవరూ అడగలేదు.

ఇక వరుస. మొదట వచ్చే పేరుకు గౌరవం, అందరి తర్వాత విడిగా వచ్చే పేరుకు అంతకన్నా గౌరవం, మధ్యలో వచ్చే పేరుకు అవమానం. ఇది సినిమా లోకమంతా ఒప్పుకున్న న్యాయం. వరుసక్రమ సంఘం దీన్ని అద్భుతంగా పరిష్కరించింది. ప్రతి పేరు తర్వాత తెర కాసేపు పూర్తిగా నల్లబడుతుంది. మళ్లీ వెలిగినప్పుడు వచ్చేది మొదటి పేరే. అలా అందరూ మొదటివారే అయ్యారు. ఎవరికి వారికి వేరే డప్పు, వేరే సన్నాయి. ఒక దాత తన పేరు పక్కవాడి పేరుకన్నా తొందరగా మాయమైందని అలిగితే, ఆయన ఫోటోను ఇంకో రెండు చుట్లు తిప్పారు. ఊళ్లో పేరు పడనివాళ్లు ఇద్దరు ముగ్గురే మిగిలారు. ఈ రచయిత వాళ్లలో ఒకడు. కారణం నిరాడంబరత కాదు, ఆ వారం ఊళ్లో లేకపోవడం.

రెండు నిమిషాల టైటిల్స్ ఇప్పుడు ముప్పావుగంట దాటాయి. చివరికి ఒక్క కార్డు మిగిలింది. టైటిల్స్ ఎవరు చేశారన్న కార్డు. రాజేశ్వర్ రావు గారి కుమారుడు ఉదయ్ అదే కాలేజీలో, అదే క్లాసులో, హాజరు పట్టీలో చదువుతున్నాడు. బంగారు మెరుపులు పెట్టినప్పుడు మౌసు అతని చేతిలో ఉండింది. ‘టైటిల్స్ రూపకల్పన: యువ ప్రతిభాశాలి ఉదయ్’ అని కార్డు పడింది.

తిరుమల వినయ్ సార్ దగ్గరికి వెళ్లింది.

“సార్, నా పేరేది?”

“‘మరియు విద్యార్థినీ విద్యార్థులు’ అని ఉన్నది గదమ్మా. అండ్ల నువ్వు లేవా?”

“ఉన్న సార్. గని గది నేను చేసింది.”

“చేసినవమ్మా, కాదన్ననా? పేరుదేమున్నది, పని ముఖ్యం” అన్నారు వినయ్ సార్. ఈ మాట అంటున్నప్పుడు ఆయన ‘మహోపాధ్యాయ’ అన్న తన బిరుదు అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయించుకుంటున్నారు.

ప్రదర్శన, విజయోత్సవం కలిపి కాలేజీ ఆడిటోరియంలో జరిగాయి. ముందుగా రాజేశ్వర్ రావు గారు ప్రసంగించారు. “ఈ చిత్రం నా చిరకాల స్వప్నం. వరంగల్ మట్టిలో ప్రతిభ ఉన్నది. ఆ ప్రతిభను వెలికితీసి, అది ఎవలదైనా సరే, మన సంస్థ దానికి తగిన పేరు పెడుతది. అదే మా ఆశయం” అన్నారు. ఈ ప్రసంగంలో ప్రతి మాటా అక్షరాలా నిజమని ఈ రచయిత సాక్ష్యం చెప్పగలడు. తర్వాత లైట్లు ఆర్పారు. పేరు పడగానే ఆ పేరు గలవాళ్లు ఈలలు వేశారు, తెర ముందు నిలబడి సెల్ఫీలు దిగారు, దిగాక ఇంటికి వెళ్లారు. అలా హాలు వరసలు వరసలుగా ఖాళీ అవుతూ వచ్చింది. ఆఖరి పేరు పడ్డాక తెర నల్లబడి, మళ్లీ వెలగలేదు. సినిమా ఏదని ఎవరూ అడగలేదు. మెట్ల దగ్గర ఒకాయన మాత్రం, సినిమా చాలా బాగుంది గాని కొంచెం పొట్టిగా ఉందన్నాడు. కళాశాల దాన్ని అదే రోజు యూట్యూబులో పెట్టింది.

ఇంటర్వ్యూ ఫోన్లోనే జరిగింది. తిరుమల ఇంటి ముందు వరండాలో కూర్చుంది, సమ్మమ్మ పక్కన. అవతల తెర మీద ముగ్గురు పెద్దవాళ్లు. తిరుమల తన పాత రెండు నిమిషాలు చూపించింది. వాళ్లు ఒకసారి చూశారు, మళ్లీ వేయమన్నారు. చాలా బాగుందని ఒకరు మెల్లగా అన్నారు. అంతలో ఇంకొకరు, ఇవే మిరపకాయలు, ఇవే అక్షరాలు యూట్యూబులో వేరే పేరు మీద ఉన్నాయి, చేసింది ఉదయ్ అని ఉంది, సంగతేమిటని అడిగారు.

తిరుమల ఉన్నదంతా చెప్పింది. వాళ్లు కటువైన మనుషులేమీ కాదు. నమ్మడానికి ఒక దారి కూడా వాళ్లే చూపించారు. ఆ టైటిల్స్‌లో ఇంతమంది పేర్లున్నాయి, వాళ్లలో ఏ ఒక్కరైనా ఇప్పుడు ఫోన్లోకి వచ్చి ఇది ఈ అమ్మాయి పనేనని చెబితే చాలునన్నారు. పేర్ల కొరత లేని టైటిల్స్ కదా. తిరుమలకు ప్రాణం లేచొచ్చింది. సమ్మమ్మ తన ఫోను తీసి వినయ్ సార్‌కు కలిపి కూతురి చెవి దగ్గర పెట్టింది.

“నీ పనేనని నాకెర్క లేదా అమ్మా? కాలేజి మొత్తం ఎర్కే. అందరికెర్కున్న ముచ్చటకు మల్ల నేను చెప్పుడెందుకు? నీ మీద నాకు నమ్మకం ఉన్నది, ధైర్యంగ ఉండు” అని ఆయన ఫోను పెట్టేశారు.

కట్టయ్య సేటు ఇంకా ఆప్యాయంగా మాట్లాడాడు.

“బిడ్డా, బస్తా నా దుకాణంలకెళ్లే పోయింది, నేను చెప్పకుంటే ఎవలు చెప్తరు? గని నా మనుమరాలు గా కాలేజీలనే చదువుతాంది. మల్ల నా పేరు మంచిగ వచ్చిందని చుట్టాలందరు ఫోన్లు చేస్తాండ్రు. గిప్పుడు నేనే గది దొంగ సొమ్మంటే ఏం బాగుంటది? నువ్వు చదువుకున్న పిల్లవు, ఇంకోటి చేసుకుంటవు తియ్.”

యువనేత తాను నోరు విప్పితే అది రాజకీయమైపోతుందని, ఆడపిల్ల భవిష్యత్తును రాజకీయం చేయడం తనకు ఇష్టం లేదని చెప్పాడు. రైతు మనోభావాల పరిరక్షకుడు మీటింగులో ఉన్నాడు.

సమ్మమ్మ ఫోను పక్కన పెట్టి, కూతురి ముందున్న తెరకు తన రెండు చేతులూ చూపించింది.

“అయ్యా, నేను జరిపిన. మా కల్లంల, గీ చేతులతోని. నా బిడ్డ ఫోటోలు దీసింది” అంది.

ఆమె మాటను తిరుమల వాళ్లకు హిందీలో చెప్పింది. ముగ్గురూ ఓపికగా విన్నారు. తల్లి గారి పేరు యూట్యూబులోని ఆ టైటిల్స్‌లో ఎక్కడ వస్తుందని ఒకరు అడిగారు. రాదని తిరుమల చెప్పింది. పేరు లేని మనిషి మాటను, అందునా తల్లి మాటను, తాము లెక్కలోకి తీసుకోలేమని వాళ్లు ఎంతో మర్యాదగా విచారం తెలిపారు. ఒకావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. సీటు ఇంకెవరికో వెళ్లింది. ఆ వేళ సమ్మమ్మ పొయ్యి వెలిగించలేదు.

తిరుమల ఇప్పుడు హనుమకొండలో ఒక ఫ్లెక్సీ దుకాణంలో పనిచేస్తోంది. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు, పుట్టినరోజులకు వీడియో టైటిల్స్ చేస్తుంది. దుకాణం ముందు ఎప్పుడూ జనమే. వచ్చినవాళ్లందరూ ముందు చెప్పేది ఒకటే మాట. “గా మిరపకాయల టైటిల్స్ చేసింది నువ్వే గదా బిడ్డా, మాకెర్కే. ఆ ఉదయ్‌కు ఏమొస్తది?” వినయ్ సార్ తన కొత్త ఇంటి వేడుకకు టైటిల్స్ చేయించుకోవడానికి వచ్చి అదే మాట గట్టిగా, నలుగురూ వినేలా అన్నారు. కట్టయ్య సేటు చిన్న మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు వచ్చి, ఇంత పనిమంతురాలు వరంగల్‌లోనే లేదని మెచ్చుకుని, రేటులో కాస్త తగ్గించమన్నాడు. ఆమెతో పని పడ్డ ప్రతి మనిషీ ఆమె తరఫున సాక్ష్యం చెబుతూనే ఉన్నాడు.

మీ ఇంట్లో కూడా త్వరలో ఏదైనా శుభకార్యం ఉండే ఉంటుంది. నిశ్చింతగా వెళ్లండి. మీ పేరు ఎంత పెద్దది కావాలంటే అంత పెద్దది పెడుతుంది, మీరు ఏ బిరుదు చెబితే ఆ బిరుదు ఇస్తుంది. ఆ అమ్మాయికి జరిగింది అన్యాయమని కౌంటరు దగ్గర మీరూ రెండు మాటలు అనండి. ఆమె తలెత్తకుండా వింటుంది. విన్నాక, పేరులో అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకొమ్మని స్క్రీను మీ వైపు తిప్పుతుంది. అప్పుడు మీరు చూసుకునేది మీ పేరే.